స్తనపరీక్షలో ఎక్స్-కిరణ పరిక్షేపణము – దశాచిత్రణము : ఒక విమర్శ

విమర్శ యనగా దోషములను ఏకరువు పెట్టుట కాదు. గుణమును గుణముగను, దోషమును దోషముగను చూపుటతోబాటు, దోషమని త్రోసివేయబడిన దానిలోని గుణమును, గుణమని మెచ్చుకొనబడుచున్న దానిలోని దోషమును వెలికిదీయుట విమర్శకుని ధర్మము. కావ్యముల విషయమున ఈ ధర్మమును మనవారు తరతరములుగా నిర్వహించుచు వచ్చిరి. శాస్త్రీయ వాదముల విషయమున మాత్రము తెలుగులో విమర్శ మిక్కిలి తక్కువ. క్రొత్త యంత్రమును గూర్చి వ్రాయువారు పెక్కుమంది దానిని వర్ణించి తృప్తి చెందుదురు, పరీక్షించుటకు పూనుకొనరు. ఈ వ్యాసమున అట్టి యొక వాదమును పరీక్షింప బూనితిని.

ఆ వాదమిది. స్తనములోని కాన్సరు గడ్డను ఎక్స్-కిరణములతో గుర్తించుటకు పరిక్షేపణము, అనగా కిరణములు శరీరములో చెదరిపోవుట, గొప్ప శత్రువు. దశాచిత్రణమను నూతన పద్ధతి వచ్చుటతో ఆ శత్రువు పీడ విరగడయైనది. ఈ మాట సగము సత్యము. సగము సత్యము పూర్తి యసత్యముకంటె ఎక్కువ జాగ్రత్తతో చూడదగినది. ఏలయన ఇచ్చట వాదము తప్పినచో దాని ఫలితము కాగితముపై నిలువదు, ఒక స్త్రీ శరీరముపై పడును.

ఈ విచారణ బెంగుళూరు తెలుగువారికి పరాయిది కాదు. పరిక్షేపణశాస్త్రమునకు ఈ నగరము పుట్టినిల్లు కాకపోయినను మెట్టినిల్లు. కలకత్తాలో 1928 ఫిబ్రవరి 28న తమ పేరిట ప్రసిద్ధమైన ఫలితమును కనుగొన్న సర్ సి. వి. రామన్ 1933లో ఇచ్చటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునకు డైరెక్టరుగా వచ్చిరి. వారి శిష్యులును, మన తెలుగువారును అగు సూరి భగవంతముగారు కాంతి పరిక్షేపణమును, రామన్ ఫలితమును గూర్చి ఆంగ్లమున రచించిన గ్రంథమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1940లో ప్రకటించినది. వారే 1957 నుండి 1962 వరకు ఆ ఇన్‌స్టిట్యూటునకు డైరెక్టరుగా నుండిరి. ఇక రెండవ సంబంధము దుఃఖముతో కూడినది. 1973లో ఏర్పడిన కిద్వాయి స్మారక కాన్సరు సంస్థకు అనంతపురము, చిత్తూరు, కడప సీమలనుండి వచ్చు రోగులలో తెలుగు మాటలాడు స్త్రీలు ఎందరో గలరు. 1982 నుండి ఈ నగరమున కాన్సరు రోగుల పట్టిక క్రమముగా వ్రాయబడుచున్నది. ఒకప్పుడు ఆ పట్టికలో స్త్రీల విషయమున గర్భాశయ ముఖద్వారపు కాన్సరు మొదటిది. తరువాత స్తనపు కాన్సరు దానిని మించిపోయినది. 2022 సంవత్సరపు అంచనా ప్రకారము భారతదేశమున ఏటేట 1,90,000కు పైగా స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా కనబడుచున్నది.

విషయ స్వరూపము

రంట్జన్ పండితుడు 1895 నవంబరు 8న ఎక్స్-కిరణములను కనుగొనెను. పదునెనిమిదేండ్లకు, 1913లో, బెర్లిను శస్త్రవైద్యుడు ఆల్బర్టు సాలమన్ శస్త్రచికిత్సచే తొలగింపబడిన సుమారు 3,000 స్తనములను ఈ కిరణములతో చిత్రించి వ్యాధి లక్షణములను పరిశీలించెను. ఆ సంవత్సరముననే ఆ దేశముననే గుస్టావ్ బక్కీ అను వైద్యుడు చెదరిన కిరణములను అడ్డగించుటకు సీసపు రేకులతో గ్రిడ్డును కల్పించెను. పరీక్షయు, పరీక్షకు కలిగిన విఘ్నమునకు ప్రతిక్రియయు ఒకే కాలమున పుట్టినవన్నమాట.

విఘ్నమెట్టిదో చెప్పవలయును. కిరణము సూటిగా సాగి పలకను చేరినచో అది దాటివచ్చిన దారిని గూర్చి సాక్ష్యము చెప్పును: ఇచ్చట కణజాలము దట్టము, ఇచ్చట పలుచన అని. కాని కొన్ని కిరణములు దారిలో ఎలక్ట్రానులను తాకి, కొంత శక్తిని కోల్పోయి, దిశ మార్చుకొనును. దీనిని 1923లో కాంప్టన్ నిరూపించెను. శక్తిని కోల్పోక దిశను మాత్రము మార్చుకొనునవియు గలవు. ఇట్లు దారి తప్పిన కిరణము పలకపై ఎచ్చట పడునో చెప్పలేము. పడినచోట అది చెప్పు సాక్ష్యము మఱొకచోటిది. తెల్లవారుజామున మంచులో మోటారు దీపములు వెలిగించినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. వెలుగు తక్కువై కాదు, ఎల్లెడల పరచుకొనుటచేతనే ఎదుటి వస్తువు కనబడదు.

స్తనచిత్రణమున వాడు కిరణములు మెత్తనివి, సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గలవి. పలకల నడుమ నొక్కబడిన స్తనము దళసరిని బట్టి, గ్రిడ్డు లేనిచో, చెదరు కిరణములు సూటి కిరణములలో మూడవవంతు మొదలు ఇంచుమించు వానికి సమానమగునంతవరకు ఉండును. గడ్డకును దాని పరిసరమునకును సూటి కిరణములలో నూటికి 10 పాళ్ల భేదము కలదనుకొందము. చెదరినవి సూటివానిలో సగమున్నచో ఆ భేదము 7 పాళ్లకంటె తక్కువకు దిగును. సమానముగా నున్నచో 5 పాళ్లకు దిగును. గ్రిడ్డు వీనిలో చాలభాగమును ఆపును. కాని సూటి కిరణములలోను కొన్నింటిని ఆపివేయుటచే, చిత్రము సరిగా వచ్చుటకు కిరణమోతాదును సుమారు రెండింతలు చేయవలసివచ్చును. చెదరుటకు చెల్లించు సుంకము ఇది, చెల్లించునది రోగి.

ఇక దశ. ఎక్స్-కిరణము తరంగము కనుక కణజాలమును దాటునపుడు బలము తగ్గుటయే కాక, దాని తరంగదశయు కొంచెము ముందు వెనుకలగును. తత్ఫలితముగా కిరణము లవలేశము వంగును. ఆ వంపు మైక్రోరేడియనుల లెక్కలోనిది. ఒక మైక్రోరేడియను అనగా కిలోమీటరు దూరమున ఒక మిల్లీమీటరు తొలగుట. ఇంత స్వల్పమైనదానితో ఏమి పని యని అడుగవచ్చును. మెత్తని కణజాలమున ఈ శక్తివద్ద, దశను మార్చు గుణము కిరణమును మ్రింగు గుణముకంటె వేయిరెట్లకు పైబడినది. గడ్డయు, పాలగ్రంథులును కిరణములను ఇంచుమించు ఒకే విధముగ మ్రింగును. కావున నీడచిత్రమున గడ్డ గ్రంథులలో దాగికొనును. దశను కొలువగలిగినచో వాని అంచులు తేటపడును. కాంతి విషయమున ఈ తత్త్వమును బెంగుళూరు ఎన్నడో ఎఱుగును. అతిధ్వని తరంగములు సాగు స్వచ్ఛద్రవము కాంతిని మ్రింగక దాని దశను మాత్రము మార్చును. అయినను ఆవలి తెరపై స్పష్టమైన వివర్తన పంక్తులు ఏర్పడును. దీనికి సిద్ధాంతమును 1935లో రామన్, నాగేంద్రనాథ్ పండితులు ఇచ్చటనే ప్రతిపాదించిరి. సూక్ష్మదర్శినియందు దశను కంటికి కనబడజేసిన జెర్నికె పండితునకు 1953లో నోబెల్ బహుమానము లభించినది.

పూర్వపక్షము

దశాచిత్రణమున మూడు మార్గములు ముఖ్యములు. వానిని బట్టియే దశావాదులు మూడు హేతువులను చూపుదురు.

మొదటిది దూరము. రోగికిని పలకకును నడుమ ఒకటి రెండు మీటర్ల ఎడముంచినచో కిరణముల స్వల్పమైన వంపు అంచులవద్ద గీతలుగా కనబడును. ఆ ఎడములోనే చెదరు కిరణములు చెల్లాచెదరై పలకను చేరవు, గ్రిడ్డుతో పనిలేదు. ఇటలీలోని ట్రియెస్టె నగరమున సింక్రోట్రాను కిరణములతో 2006లో ఈ మార్గమున రోగులకు స్తనపరీక్ష ప్రారంభమైనది.

రెండవది స్ఫటికము. రోగికి ఆవల ఉంచిన నిర్దుష్టమైన స్ఫటికము కొలది మైక్రోరేడియనుల లోపలి కిరణములనే పలకకు పంపును. డిగ్రీల లెక్కన దారి తప్పినవానికి ఆ ద్వారమున ప్రవేశము లేదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పెంపొందిన ఈ పద్ధతి 1997లో ప్రకటింపబడినది.

మూడవది గ్రేటింగు. మైక్రోమీటర్ల ఎడముతో గీయబడిన గ్రేటింగులు కిరణములను వెలుగునీడల పట్టీలుగా చేయును. వంపు కలిగినచో పట్టీలు ప్రక్కకు జరుగును. ఆ జరుగుటయే దశ. చెదరు కిరణములు ఎల్లెడల సమముగ పడునవి కనుక పట్టీలను జరుపజాలవు; కావున దశాచిత్రమునకు వానివలన హాని లేదందురు. 2006లో ఫైఫర్ మొదలగువారు సామాన్యమైన ఎక్స్-కిరణ నాళముతోడనే ఈ పద్ధతి సాధ్యమని చూపుటచే, ఆసుపత్రులకు దగ్గరగా వచ్చిన మార్గమిదియే.

విచారణ

మొదటి రెండు హేతువులు నిర్దోషములే. చెదరిన కిరణము నిజముగనే దూరమగుచున్నది. కాని ఏ వెలకు? దూరముంచినపుడు కిరణములు మిక్కిలి చిన్న బిందువునుండి వెలువడవలయును. చిన్న బిందువునుండి ఎక్కువ కిరణములను పుట్టించుట సామాన్య నాళమునకు కష్టము. కావున కాలము పెరుగును. కాలము పెరిగినచో రోగి ఊపిరి తీయుటయు చిత్రమును చెఱచును. స్ఫటికము సూటిగా వచ్చు కిరణములలోను ఒకే తరంగదైర్ఘ్యము గలవానిని మాత్రము స్వీకరించును. కావుననే ఈ రెండు మార్గములును సింక్రోట్రాను యంత్రములవద్దనే వర్ధిల్లినవి. మన దేశమున అట్టి యంత్రమగు ఇండస్-2 ఇందూరు నగరమున నున్నది. బెంగుళూరులో లేదు, మదనపల్లెనుండియో హిందూపురమునుండియో వచ్చు స్త్రీకి అది అందునది కాదు. ఇచ్చట పరిక్షేపణము జయింపబడలేదు. దానిని జయించు ఖర్చు మఱొక పద్దున వ్రాయబడినది.

మూడవ హేతువును నిదానముగ చూడవలయును. పట్టీల సగటు ప్రకాశము 100 పాళ్లు, సగటుకు ఇరువైపుల హెచ్చుతగ్గు 30 పాళ్లు అనుకొందము. అపుడు పట్టీల స్ఫుటత నూటికి 30. దానిపై 50 పాళ్ల చెదరు కిరణములు సమముగ పడినవి. సగటు 150 అయినది. హెచ్చుతగ్గు 30గనే యున్నది. స్ఫుటత నూటికి 20కి దిగినది. పట్టీలు జరుగలేదు కనుక దశ మారలేదనుట నిజము. కాని కిరణముల లెక్కలో సహజమైన ఒడుదుడుకులు ఇపుడు 150 పాళ్లకు తగినంత పెరిగినవి. చూడవలసిన హెచ్చుతగ్గు పెరుగలేదు. మునుపటి నిశ్చయముతోనే పట్టీల స్థానమును కొలువవలెనన్నచో కిరణములను ఒకటిన్నర రెట్లు చేయవలయును. దశకు హాని లేదన్నమాటకు అర్థమిది: విలువ చెడదు, నమ్మకము చెడును. ఇది చాలక, రోగికి ఆవల నుంచిన గ్రేటింగు, రోగి శరీరమును దాటివచ్చిన కిరణములలో సుమారు సగమును తానే మ్రింగివేయును.

ఇంతకంటె ముఖ్యమైనది మఱొకటి గలదు. గ్రేటింగు పద్ధతి ఒక్క కొలతనుండి మూడు చిత్రముల నిచ్చును. సగటు ప్రకాశమునుండి నీడచిత్రము, పట్టీల స్థానమునుండి దశాచిత్రము, పట్టీల స్ఫుటతనుండి చీకటిక్షేత్ర చిత్రము. ఈ మూడవది 2008లో వెలువడిన విశేషము. కణజాలములోని అతిసూక్ష్మమైన కణముల సందుల కిరణములు మైక్రోరేడియనుల మేర చెదరినపుడు పట్టీలు చెరగును. అనగా ఇచ్చట పరిక్షేపణము శత్రువు కాదు, సాక్షి. స్తనములోని సున్నపు రేణువులు వ్యాధికి ముఖ్యమైన జాడలు. వానిలో కాల్షియము ఆగ్జలేటు రేణువులు తఱచు నిరపాయమగు మార్పులతో కూడియుండును. హైడ్రాక్సీ అపటైటు రేణువులు నిరపాయములగు గడ్డలలోను, కాన్సరులోను కనబడును. నీడచిత్రముతో చీకటిక్షేత్ర చిత్రమును పోల్చి ఈ రెండు జాతులను వేరుపఱచవచ్చునని స్విట్జర్లాండు పరిశోధకులు 2014లో ప్రతిపాదించిరి. ఇది ఫలించినచో ఎందరో స్త్రీలకు సూదితో ముక్క తీసి పరీక్షించు బాధ తప్పును.

ఇపుడు వెనుకటి లెక్కను మరల చూడుడు. శరీరములో డిగ్రీల లెక్కన చెదరిన కిరణములే స్ఫుటతను 30 నుండి 20కి దించినవి. సూక్ష్మనిర్మాణమేదియు లేదు. కాని యంత్రము స్ఫుటతలోని మూడవవంతు తగ్గుదలను చూచి, ఇచ్చట సూక్ష్మమైన రేణువులో, నారలో కలవని చదువును. అనగా చెదరిన కిరణము దశాచిత్రమున వట్టి సందేహమును మాత్రము కలిగించి, చీకటిక్షేత్ర చిత్రమున కూటసాక్ష్యము చెప్పుచున్నది. సరిదిద్దుటకు ఉపాయములు లేకపోలేదు. చెదరిన భాగమును కొలిచి తీసివేయవచ్చును. కాని కొలిచి తీసివేయవలసినదొకటి కలదని ఒప్పుకొన్నగాని ఆ పని మొదలు కాదు. దశాపద్ధతికి పరిక్షేపణముతో పనిలేదనువారు ఆ ఒప్పుకోలుకే అడ్డుపడుచున్నారు.

మఱొక దోషము నిదర్శనముల యందున్నది. దశాచిత్రణమును గూర్చి మనము చూచు సుందరమైన చిత్రములు చాలవరకు శస్త్రచికిత్సలో తీసిన ముక్కలవి. పలుచని ముక్కలో కిరణములు చెదరుట స్వల్పము. సజీవమైన స్తనము నొక్కినపిమ్మటను అయిదారు సెంటీమీటర్లు ఉండవచ్చును. దళసరితోబాటు పరిక్షేపణము పెరుగును. ముక్కపై గెలిచిన వాదము మనిషిపై గెలిచినట్లు కాదు. ఒక కోణమునుండి కాక చుట్టును తిరిగి చిత్రించి లోపలి పొరలను గణించు పద్ధతిలో ఈ ప్రమాదము మఱింత విస్తరించును. ఆ గణనకు ఆధారమైన ఉత్తమ సూత్రములలో నొకటి ఇన్‌స్టిట్యూటు ఆచార్యులగు జి. ఎన్. రామచంద్రన్‌గారును, ఎ. వి. లక్ష్మీనారాయణన్‌గారును 1971లో ప్రకటించినదే. అట్టి సూత్రము ప్రతి కొలతయు సూటి కిరణము చెప్పిన సత్యమని నమ్మి సాగును. కొలతలో చెదరిన కిరణము కలిసినచో సూత్రము నిర్దోషమైనను ఫలము సదోషమగును. చిత్రపు నడిమి భాగము లేని పలుచదనమును చూపును.

పదవిమర్శ

ఈ గందరగోళమునకు భాషయు కొంత కారణము. కాంప్టన్ చూపినదియు పరిక్షేపణమే, రామన్ చూపినదియు పరిక్షేపణమే, సున్నపు రేణువు అంచున కిరణము మైక్రోరేడియను మేర తొలగుటయు పరిక్షేపణమే. ఆంగ్లమునను ఇట్లే ఒక్క మాటయే కలదు. మనము దానిని అనువదించినపుడు సందిగ్ధమును గూడ అనువదించుకొంటిమి. తెలుగునకు ఈ సందిగ్ధము తప్పనిసరి కాదు. దిశ తప్పి చిత్రమును మసకపఱచు దానిని చెదరు కిరణమనియు, సమాచారమును మోసికొనివచ్చు దానిని సూక్ష్మకోణ పరిక్షేపణమనియు వ్యవహరించినచో పాఠకునకు ఏది త్రోసివేయదగినదో, ఏది ఏరుకొనదగినదో మాటలోనే తెలియును. ఈ వ్యాసమున అట్లే వాడితిని.

త్రోసివేయదగినదని తలచినదానిని మరల చూచుటవలన కలుగు లాభమునకు రామన్ పరిశోధనయే తార్కాణము. 1923లో కె. ఆర్. రామనాథన్‌గారు ద్రవములలో చెదరిన కాంతియందు వన్నె మారిన బలహీనమైన అంశమును గమనించిరి. మాలిన్యమువలన కలిగిన మిణుకని మొదట భావించిరి. ద్రవమును ఎంత శుద్ధి చేసినను అది పోలేదు. అయిదేండ్లకు అదియే జగత్ప్రసిద్ధమైనది. అయితే ఈ కథనుండి పరిక్షేపణమంతయు రత్నమేయని నేర్చుకొనరాదు. మాలిన్యమును నిజముగ తొలగించి చూచిన పిమ్మటనే మిగిలినది రత్నమని తేలినది. పాలనుండి నీటిని వేరుచేయక త్రావినది హంస కాదు.

సిద్ధాంతము

కావున నా నిర్ణయమిది. దశాచిత్రణము పరిక్షేపణమును తొలగించలేదు. దాని స్థానమును మార్చినది. దూరము, స్ఫటికము అను మార్గములలో అది ఖర్చుగను, కాలముగను మారినది. గ్రేటింగు మార్గములో నీడచిత్రమున మసకగను, దశాచిత్రమున అనిశ్చయముగను, చీకటిక్షేత్ర చిత్రమున అబద్ధపు జాడగను మారినది. ఇట్టి యంత్రమును మెచ్చుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలయును. చూపిన చిత్రము ముక్కదా, నిండు దళసరి గల స్తనముదా? మూడు చిత్రములలో ప్రతిదానియందును చెదరు కిరణముల పాలెంతో విడివిడిగా కొలిచిరా? అదే స్పష్టతకు నేటి మామోగ్రఫీకంటె కిరణమోతాదు తగ్గినదా, పెరిగినదా? ఈ మూడింటికి అంకెలతో సమాధానము చెప్పినవారి మాటను గౌరవింపవచ్చును.

ఈ ప్రశ్నలు పద్ధతిపై ద్వేషముచే వేయునవి కావు. మన దేశమున ఈ వ్యాధి పాశ్చాత్యదేశములకంటె సుమారు పదేండ్లు ముందుగా కనబడుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. జనాభాలో చిన్నవయసువారు ఎక్కువగుటయు దానికి కొంత కారణము. చిన్నవయసు స్త్రీల స్తనములలో గ్రంథులు దట్టము. నీడచిత్రము విఫలమగుచోటు అదియే. దశకు పని కలుగుచోటు అదియే. కాని చిన్నవయసు కణజాలము కిరణములకు ఎక్కువ సున్నితమైనది గూడ. ఆశయు, అపాయమును ఒకే శరీరమున నున్నపుడు ఉత్సాహముకంటె కొలత మేలు.

యంత్రమున్నంత మాత్రమున ప్రాణము నిలుచుననుటయు భ్రమ. ముంబయిలో 1,51,538 మంది స్త్రీలపై ఇరువది సంవత్సరములు సాగిన పరిశోధన ఫలితము 2021లో వెలువడినది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త్రులు రెండేండ్లకొకసారి చేతితో పరీక్షించుటచేతనే, 50 ఏండ్లు దాటిన స్త్రీలలో స్తనపు కాన్సరు మరణములు సుమారు నూటికి 30 పాళ్లు తగ్గినవి. అంతకంటె చిన్నవారిలో అట్టి తగ్గుదల కనబడలేదు. ఈ ఫలితము రెండు మాటలు చెప్పుచున్నది. చేయదగినది నేడే చేతిలో కొంత కలదు. చేతికందనిచోట, చిన్నవయసువారి విషయమున, మంచి చిత్రము యొక్క అవసరము నిజముగనే కలదు. ఆ చిత్రము కొఱకు పాటుపడువారికి పొగడ్తకంటె సరియైన ప్రశ్న ఎక్కువ సహాయము చేయును. పరిక్షేపణమును సూక్ష్మముగ కొలుచు సంప్రదాయము గల ఈ నగరమున ఆ ప్రశ్నలకు సమాధానములను వెదకుట ఉచితము. వెదకువారిలో మన తెలుగు విద్యార్థులును ఉందురుగాక. వారు కనుగొన్నదానిని రాయలసీమ పల్లెలోని స్త్రీకి అర్థమగు తెలుగులో చెప్పుదురుగాక.